ఎండకు కాపలా కాసే గింజ

డుమస్ ఇసుక నల్లగా ఉంటుంది. సూరత్‌లో మగ్గాల మీద బతికే మన తెలుగు కుటుంబాలు కూడా సెలవు దొరికితే టమాటా భజియాల కోసం, సముద్రపు గాలి కోసం అక్కడికి వెళ్తుంటాయి. నలుపు ఎండను తాగుతుంది. మే నెల మధ్యాహ్నం ఆ ఇసుక మీద మడత సోలార్ ప్యానెల్ పరిచి ఫోను తగిలిస్తే పైన ఎండ, కింద ఇసుక సెగ, లోపల ఛార్జింగ్ వేడి అన్నీ కలిసి బ్యాటరీ మీద పడతాయి. అయినా ఫోను చాలాసార్లు క్షేమంగా బయటపడుతుంది. ఆ క్షేమం వెనకున్న పనితనం గురించే ఈ మాటలు.

పాత ఫోన్ల బ్యాటరీ ఊడదీసి చూసినవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. ప్లస్, మైనస్ కాక మూడో రేకు ఒకటి ఉండేది, కొన్నింటి మీద దాని పక్కన 'టీ' అని అచ్చయి ఉండేది. ఆ దారి వెళ్ళేది థర్మిస్టర్ దగ్గరికి. మాంగనీసు, నికెల్, కోబాల్ట్ వంటి లోహాల ఆక్సైడ్లను కలిపి కాల్చిన పింగాణీ ముక్క అది, ఆవగింజంత. మామూలు రాగితీగ వేడెక్కితే కరెంటును ఎక్కువగా అడ్డుకుంటుంది. ఇది తక్కువగా అడ్డుకుంటుంది. ఇలాంటి తిరకాసు గుణాన్ని ఫారడే 1833లోనే సిల్వర్ సల్ఫైడ్‌లో గమనించాడు.

25 డిగ్రీల దగ్గర థర్మిస్టర్ నిరోధం సాధారణంగా 10,000 ఓములు. 45 డిగ్రీలకు అది సగానికి పడిపోతుంది, 60కి సుమారు 3,000. ఛార్జింగ్ చిప్ ఆ అంకెను చదువుతూనే ఉంటుంది. నాకు అబ్బురమనిపించేది ఆ తర్వాత జరిగే పని. లిథియం అయాన్ సెల్‌కు 45 డిగ్రీలు దాటాక ఛార్జింగ్ మంచిది కాదు. లోపలి ద్రవం చెడుతుంది, వాయువు పుడుతుంది, సెల్ ఉబ్బుతుంది. అలాగని మంచి చిప్ వెంటనే తలుపు మూసేయదు. ముందు కరెంటు తగ్గిస్తుంది, కొన్ని చిప్‌లు 4.2 వోల్టుల గరిష్ఠాన్నీ కాస్త దించుతాయి, మరీ మించితేనే ఆపేస్తాయి. ల్యాప్‌టాప్ బ్యాటరీల కోసం జపాన్ పరిశ్రమ సంఘాలు 2007లో ఇచ్చిన మార్గదర్శకాలు ఈ మెట్ల పద్ధతికి ఊతమిచ్చాయి. అంతకు ముందు ఏడాదే నిప్పంటుకునే ప్రమాదం ఉందని లక్షల బ్యాటరీలను వెనక్కి పిలిపించాల్సి వచ్చింది.

ఇంత పనితనాన్నీ ఒక్క పొరపాటు నీరుగార్చగలదు. థర్మిస్టర్‌కు తానున్న చోటి వేడే తెలుస్తుంది. సెల్‌కు అంటించకుండా బోర్డు మూల పెడితే అది చెప్పేది బోర్డు కబురే. అసలు పవర్‌బ్యాంకు వీపు మీదే ప్యానెల్ అతికించే డిజైన్లే నాకు నచ్చవు. ఎండ కావలసింది ప్యానెల్‌కు, నీడ కావలసింది సెల్‌కు. రెంటినీ ఒకే డబ్బాలో కట్టేస్తే ఎలా? పైగా సిలికాన్ ప్యానెల్‌ కూడా వేడికి డిగ్రీకి 0.4 శాతం దాకా శక్తిని నష్టపోతుంది. దాని శక్తిని లెక్కగట్టేది 25 డిగ్రీల దగ్గర కాబట్టి, 65కి చేరితే ఆరో వంతు పోయినట్టే. పొడుగాటి తీగ వేసి ఫోనును గొడుగు కింద పెట్టడమే మేలు.

ఇంకో చిన్న నేర్పు ఉంది. వేడికి ఆగిపోయిన ఛార్జింగ్ ఒక్క డిగ్రీ దిగగానే మొదలవదు. ఇంకాస్త చల్లబడేదాకా చిప్ కావాలనే ఎదురుచూస్తుంది, లేకపోతే హద్దు దగ్గర నిమిషనిమిషానికీ ఆగుతూ సాగుతూ ఉండాల్సి వస్తుంది.