ఒక తల్లి - రెండు శీర్షికలు

క్రీడాకారుడి గెలుపు వెనుక చనిపోయిన తల్లిని చూపించడం మన సినిమాలకు గానీ పత్రికలకు గానీ కొత్త కాదు. అయితే ఆ తల్లి ప్రభావం అంటే ఏమిటి, అది ఎక్కడ కనిపిస్తుంది అన్న ప్రశ్న మాత్రం మనం అరుదుగా వేసుకుంటాం. ఈ ప్రశ్నను పరిశీలించడానికి పూరి జగన్నాథ్ దర్శకత్వంలో 2003లో వచ్చిన ‘అమ్మ నాన్న ఓ తమిళ అమ్మాయి’ మంచి ఆధారం. అదే కథ మరుసటి ఏడు తమిళంలో ‘ఎం. కుమరన్ సన్ ఆఫ్ మహాలక్ష్మి’గా వచ్చింది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడడానికి యానాం తగిన చోటు. ఇక్కడ ఇంటి భాష తెలుగు, చుట్టూ ఉన్నది ఆంధ్రప్రదేశ్, పాలన మాత్రం 800 కిలోమీటర్లకు పైగా దూరంలో, తమిళం మాట్లాడే పుదుచ్చేరి నుంచి. సొంత గడ్డకు దూరంగా తెలుగు చదువుకుంటున్న మీకు ఈ రెండు భాషల బతుకు గురించి వేరే చెప్పనక్కర్లేదు.

ఇతివృత్తం చిన్నది. చందు (రవితేజ) కిక్ బాక్సర్. తండ్రి వదిలేసి వెళ్లిపోగా తల్లి లక్ష్మి (జయసుధ) అతణ్ణి ఒంటరిగా పెంచింది. కొడుకుతో ఆమె స్నేహితురాలిలా ఉంటుంది. ఆమె చనిపోతూ కొడుకుని తండ్రి దగ్గరికి వెళ్లమంటుంది. ఆ తండ్రి రఘువీర్ (ప్రకాష్ రాజ్) కిక్ బాక్సింగ్ శిక్షకుడు. అతడికి వేరే సంసారం ఉంది. కథ అక్కడినుంచి కొత్త ఇంటికి, చివరికి రింగులోకి సాగుతుంది.

ముందుగా శీర్షికలను చూద్దాం. తెలుగులో బంధుత్వ పదాలకు ఒక విశేషం ఉంది. ‘అమ్మ’, ‘నాన్న’ అన్నప్పుడు ‘ఎవరి’ అని అడగం. మాట్లాడుతున్న మనిషికి సంబంధించిన వాళ్లే అని అర్థమవుతుంది. మూడో మనిషికి మాత్రం ‘ఓ’ అవసరమైంది. ఆమె ఇంకా బయటి మనిషి. అంటే శీర్షికలో కొడుకు పేరు లేకపోయినా ఆ గొంతు కొడుకుదే. తమిళ శీర్షిక తీరు వేరు. అది ఆఫీసు కాగితం గొంతు: ఫలానావాడు, ఫలానామె కొడుకు. తమిళనాట పేరు ముందు వచ్చే పొడి అక్షరం మామూలుగా తండ్రి పేరులోది. ఇక్కడ ఆ ‘ఎం’ మహాలక్ష్మిది. తండ్రికి దక్కవలసిన అక్షరాన్ని తల్లికి ఇచ్చారు. తెలుగు శీర్షికలో ఆత్మీయత ఉంది, తల్లి పేరు లేదు. తమిళ శీర్షికలో పేరు ఉంది, ఆత్మీయతను కథ సంపాదించుకోవాలి.

ఈ తేడా పేర్లతో ఆగిపోదు. తెలుగు చిత్రం ఉత్తరార్ధంలో ఒక ఇబ్బంది ఉంది. చందు చివర్లో ఓడించేది తండ్రికి ద్రోహం చేసిన శిష్యుణ్ణి. కాబట్టి ఆ గెలుపుతో నిలబడేది తండ్రి పరువు. ఏళ్ల తరబడి పెంచిన తల్లి కష్టం చివరికి తండ్రి ఖాతాలో జమ అవుతుంది. ప్రేక్షకుడు చప్పట్లు కొట్టే క్షణంలో లక్ష్మి ఎక్కడుంది? ఈ ప్రశ్న వేయకుండా ఈ చిత్రాన్ని మాతృప్రేమ కావ్యం అనడం తొందరపాటు అవుతుంది.

అయినా ఆమె లేకుండా పోలేదని నా అభిప్రాయం. మనం వెతకవలసిన చోటు రింగు కాదు. తండ్రి ఇంట్లో చందుకి మొదట దక్కేది ఆదరణ కాదు. పగ తీర్చుకోవడానికి కావలసిన బలం అతడి చేతుల్లో ఉంది. అయినా తండ్రి రెండో భార్య మీద గానీ, ఆమె కూతురి మీద గానీ అతడు చెయ్యెత్తడు, విషం కక్కడు. మోసపోయిన ఆ పిల్లకు అన్నగా నిలుస్తాడు. గుద్దు ఎలా కొట్టాలో శిక్షకుడు నేర్పగలడు. ఎవరిని కొట్టకూడదో నేర్పింది లక్ష్మి. పూర్వార్ధంలో నవ్వుతూ తుళ్లుతూ సాగిన తల్లీకొడుకుల సన్నివేశాలకు కథాసంవిధానంలో ఉన్న పని ఇదే. అవి హాస్యం కోసం పెట్టినవని దాటేస్తే తరవాతి ఓర్పుకు కారణం దొరకదు.

నిజ జీవితంలో ఇలాంటి సందర్భం బాక్సింగులోనే ఉంది. అమెరికన్ హెవీవెయిట్ బాక్సర్ జేమ్స్ ‘బస్టర్’ డగ్లస్ తల్లి లూలా పెర్ల్ 1990 జనవరిలో చనిపోయింది. నెల తిరక్కుండానే, ఫిబ్రవరి 11న టోక్యోలో, అంతవరకు ఓటమి ఎరగని మైక్ టైసన్‌ను అతడు పదో రౌండులో పడగొట్టాడు. అంతకు ముందు ఎనిమిదో రౌండులో తానే కిందపడి లేచాడు. గెలుపుకు కారణం అడిగితే కన్నీళ్లతో తల్లిని తలుచుకున్నాడు. అదే ఏడాది అక్టోబరులో ఇవాండర్ హోలీఫీల్డ్ చేతిలో మూడో రౌండులోనే ఓడి కిరీటం పోగొట్టుకున్నాడు. అంతమాత్రాన తల్లి ప్రభావం తరిగిపోయిందని అనగలమా? అనలేం. దుఃఖం ఒక రాత్రికి అసాధారణమైన బలం ఇవ్వగలదు. పెంపకం చేసే పని వేరు. దాన్ని గెలుపు ఓటముల పట్టికలో కొలవలేం. సినిమా చివరి పోటీతో ఆగిపోతుంది కనుక ఈ రెండింటినీ ఒకటిగా చూపించి తప్పించుకోగలదు. జీవితానికి ఆ వెసులుబాటు లేదు.

ఇక పేరు సంగతి. మన ఇంటిపేరు తండ్రి వైపుది. తల్లి పేరు చెప్పుకునే సంప్రదాయం మనకు బొత్తిగా లేదనుకోవడం మాత్రం పొరపాటు. గౌతమీపుత్ర శాతకర్ణి, వాసిష్ఠీపుత్ర పులుమావి అన్న శాతవాహన రాజుల పేర్లు చూడండి. గౌతమీ బాలశ్రీ వేయించిన నాసిక్ శాసనంలో శాతకర్ణి యుద్ధ విజయాల సరసనే అతడి మాతృసేవ కూడా చోటు చేసుకుంది. 1954 దాకా ఫ్రెంచివారి కింద ఉన్న యానాంలో మరొకటి గుర్తుచేసుకోవచ్చు. ఫ్రెంచి పద్ధతిలో జనన పత్రంలో తండ్రి పేరుతో పాటు తల్లి పేరు, అదీ పుట్టింటి పేరుతో సహా, రాస్తారు.

క్రీడాకారుల జీవితాల మీద వ్యాసాలు రాసే విద్యార్థులకు నా సూచన ఒకటే. ‘తల్లి ఆశీస్సులు’ అని ఒక్క వాక్యంతో సరిపెట్టకండి. ఆమె పేరు రాయండి. ఆమె ఏ పని చేసి ఇల్లు నడిపిందో, కొడుక్కో కూతురికో ఏం నేర్పిందో, ఏది వద్దన్నదో కనుక్కోండి. పేరు లేని తల్లిని పూజించడం సులువు. పేరున్న తల్లికి ఆమె కష్టాన్ని లెక్కకట్టి ఇవ్వవలసి ఉంటుంది.