ముడి వేసే చేతులు

పెన్సిల్వేనియాలోని ఎఫ్రటాలో మెన్నొనైట్ సెంట్రల్ కమిటీ అనే క్రైస్తవ సేవాసంస్థకు ఒక కేంద్రం ఉంది. విదేశాలకు పంపే బొంతలు అక్కడ తయారవుతాయి. చట్రానికి బిగించిన గుడ్డ చుట్టూ వాలంటీర్లు కూర్చుంటారు. సూదిని కిందికి దించి, పైకి తీసి, దారం కొసలు రెండూ ముడేసి కత్తిరిస్తారు. నాలుగైదు అంగుళాల అవతల మళ్లీ ఇంకో ముడి. పని ఇంతే.

మన అమ్మమ్మలు పాత చీరల బొంతను సన్నకుట్టుతో వరస వెంట వరస నడిపిస్తారు. ఇక్కడ ఆ కుట్టు లేదు. పై గుడ్డనీ, నడుమ మెత్తటి పొరనీ, అడుగు గుడ్డనీ పట్టి ఉంచేది ముడే. అది వదులైందా, ఉతికినప్పుడు లోపలి పొర జరిగి ఉండలు కడుతుంది. అందుకే దారాన్ని ఎదురెదురుగా తిప్పి రెండుసార్లు బిగిస్తారు. చిన్నపిల్లలకూ తొందరగానే పట్టుబడుతుంది.

రంగుల ఎంపిక నాకు మరీ నచ్చింది. తెలుపు, లేత రంగులు తగ్గించి ముదురువి వాడతారు. నీళ్లకే కటకటలాడే శరణార్థి శిబిరంలో తెల్లబొంత ఎన్నాళ్లు తెల్లగా ఉంటుంది?

1920లో దక్షిణ రష్యా, ఉక్రెయిన్ ప్రాంతాల ఆకలిని చూసి పుట్టిన సంస్థ ఇది. శతాబ్ది సందర్భంగా 2020 జనవరి 18న ఒక్కరోజే 6,500 బొంతలు ముడివేయాలని పిలుపిచ్చింది. సిరియా, ఉక్రెయిన్ లాంటి చోట్లకు వెళ్లే ఈ బొంతల మీద ముడేసినవాళ్ల పేర్లుండవు.

ఆఖరి ముడి పడ్డాక చట్రం విప్పుతారు. అంచు మడిచి కుట్టడానికి బొంత మిషను మీదికి వెళ్తుంది. చట్రానికి ఇంకో గుడ్డ ఎక్కుతుంది.