మదరాసు సంగీత అకాడమీ - సాహిత్యశుద్ధి

1927 డిసెంబరులో మదరాసునందు కాంగ్రెసు మహాసభతోపాటు సంగీత సభయు జరిగెను. దాని ఫలితముగా 1928లో సంగీత అకాడమీ వెలసెను. జమీందారుల ఆదరణము సన్నగిల్లిన కాలమున విద్వాంసులకు ఇట్టి సభలే ఆశ్రయమయ్యెను. టిక్కెట్టు కొని వినువాడే పోషకుడయ్యెను. ఇది సామాన్యమైన మార్పు కాదు.

ద్వారం వెంకటస్వామినాయుడుగారు 1941 సభకు అధ్యక్షులైరి. బాలమురళీకృష్ణగారికి 1978లో సంగీత కళానిధి బిరుదము లభించెను. కావున తెలుగు విద్వాంసులను ఆదరింపలేదని మేమనజాలము. మా ఆక్షేపణ వేరు.

ఆ వేదికపై వినబడు త్యాగరాజ, శ్యామశాస్త్రుల కృతులలో పెక్కు తెలుగువి. పాడువారిలో చాలమంది వానిని తమిళలిపిలో నేర్చినవారు. ఆ లిపిలో క, ఖ, గ, ఘలకు ఒకే అక్షరము. అందుచే 'గతి' 'కతి' యగును. 'భావము' 'పావము' వలె వినబడును. కొన్ని పుస్తకములలో అక్షరముపై అంకెలు వేసి భేదము చూపుదురు. నేర్పువారు పాటించిననే గదా ప్రయోజనము! తాళమునకై పదమును నడుమ విరుచుట మరియొక బాధ. స్వరము తప్పిన తలలూపుట మానెడి రసికులు మాట తప్పిన ఊరకుందురు.

తమకు అర్థమగు పాటలు కావలెనని తమిళులు 1943లో తమిళ ఇసై సంఘమును స్థాపించుకొనిరి. అది న్యాయమే. పాడెడి తెలుగు తెలుగుగా వినబడవలెనని మేము కోరుటయు న్యాయమే.

మా మనుమలు ఇంట తెలుగు మాటాడుదురు, చదువలేరు. వారును తమిళలిపిలోనే కృతులు నేర్చుచున్నారు. అకాడమీవారు డిసెంబరు ఉదయగోష్ఠులలో ఏటేట ఒకదానిని ఉచ్చారణకును పదవిభాగమునకును కేటాయించిన, ముందు వరుసలో ఆ పిల్లలను కూర్చుండబెట్టుదుము.