మొరం బాట మీద మెల్లగా

వికారాబాద్ స్టేషన్‌లో ఆదివారం పొద్దున్నే రైలు దిగేవాళ్లను వీపు చూసి పోల్చుకోవచ్చు. పాల క్యాన్లు ఖాళీ చేసుకుని ఊరికి తిరిగి వచ్చేవాళ్ల వీపు ఖాళీ. హైదరాబాద్ నుంచి అడవి చూడడానికి వచ్చినవాళ్ల వీపు మీద మాత్రం నారింజ రంగుదో, చిలకపచ్చదో నెత్తి కంటే ఎత్తున లేచిన సంచి. మొదటిసారి వచ్చినప్పుడు నేనూ ఆ రెండో రకమే. గుడారం, గ్యాసు పొయ్యి, మడతకుర్చీ, రెండు జతల బూట్లు, అన్నీ కలిపి పద్నాలుగు కిలోలు. అనంతగిరి మొదటి దిగుడులోనే జారి, ఆ పద్నాలుగు కిలోలతో సహా తంగేడు పొదలో కూర్చున్నాను. ఆ రోజు నేను చూసిన ఏకైక వన్యప్రాణి గండుచీమ. అదీ అదే నన్ను వెతుక్కుంటూ వచ్చింది.

వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాద్‌కు 1874లో నిజాం రైలు మార్గం పడింది. తాండూరు, వికారాబాద్ రెండూ ఆ దారిలోవే. వికారాబాద్ ఊళ్లోంచి ఐదారు కిలోమీటర్లు వెళ్తే అనంతగిరి. సముద్రమట్టానికి 600 మీటర్లకు పైనే ఉన్నా, వికారాబాద్ ఊరే ఎత్తు మీద ఉండడంతో గుట్ట ఎక్కినట్టే ఉండదు. హిమాలయాలకు వెళ్లొచ్చిన మిత్రులు దీన్ని చూసి నవ్వుతారు. ఇక్కడ శిఖరం లేదు, జెండా పాతే చోటు లేదు. పైన బల్లపరుపుగా పరుచుకున్న ఎర్ర మొరం, అంచుల్లో ఒక్కసారిగా లోతుకు దిగిపోయే లోయలు. అంటే మామూలు గుట్టకు తలకిందులన్నమాట. ముందు దిగాలి, అలిసిపోయాక ఎక్కాలి. ఈ సంగతి తెలియక నీళ్లన్నీ దిగేటప్పుడే తాగేసి, ఎక్కేటప్పుడు నాలుక పిడచకట్టుకుపోయి కూలబడేవాళ్లు ప్రతి వారం కనిపిస్తారు. మనిషికి మూడు లీటర్లు, అందులో సగం తిరుగు ఎక్కుడికి దాచుకోవడం ఇక్కడి మొదటి పాఠం.

ఈ గుట్టలు నీళ్లను పంచుతాయి. తూర్పు వాలున పడ్డ వాన మూసీ అయి, హైదరాబాద్ మీదుగా వెళ్లి వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. పడమటి వాగుల నీళ్లు కాగ్నాలో చేరి తాండూరు మీదుగా కర్ణాటకలోకి పోయి, భీమాలో కలిసి, భీమాతో పాటు కృష్ణకే చేరతాయి. ఒకే గుట్ట మీద పక్కపక్కన పడ్డ రెండు చినుకులు ఇంత దేశం తిరిగి మళ్లీ ఒకే నదిలో పడతాయి. ఏ దారిన నడవాలని ఎవరైనా అడిగితే, ఏదో ఒక చినుకు వెంట నడవమంటాను. పడమటి చినుకు వెంట తాండూరు దాకా నడక నాకు ఎక్కువ ఇష్టం. ఆ వైపు జనం తక్కువ.

మొరం మీద నడవడం ఒక విద్య. గోళీల్లాంటి ఎర్రగులకరాళ్లు గట్టినేల మీద పరుచుకుని ఉంటాయి. రోడ్డు మీద నడిచినట్టు మడమ ముందు మోపామా, కాలు ముందుకు జారిపోతుంది. పాదం మొత్తాన్ని ఒక్కసారిగా ఆనించాలి. అడుగు చిన్నది వేయాలి. దిగేటప్పుడు వాలుకు ఎదురుగా కాకుండా కాస్త పక్కకు తిరిగి, మోకాళ్లు వదులుగా పెట్టి దిగాలి. బూటు అడుగున గళ్లు ఉండాలి కానీ చీలమండ దాకా వచ్చే భారీ బూటు అవసరం లేదని నా అనుభవం. పడిపోయిన మాను అడ్డం వస్తే ఎగిరి దాటకూడదు. మాను మీద కాలు పెట్టి, అవతల ఏముందో చూసుకుని దిగాలి. రక్తపింజర ఎండుటాకుల్లో కలిసిపోతే కళ్లెదుట ఉన్నా కనిపించదు.

ఇక సంచి. బరువైనవి వీపుకు ఆనుకుని, భుజాల ఎత్తున ఉండాలి. తేలికవి అడుగున, బయటివైపున. నడుం పట్టీ బిగిస్తే బరువు భుజాల నుంచి తుంటికి దిగుతుంది. రెండు రోజుల నడకకు నీళ్లు కాక ఆరేడు కిలోలు మించితే అందులో భయాన్ని మోస్తున్నట్టే లెక్క. తిండికి జొన్నరొట్టెను మించింది లేదు. సరిహద్దు అవతల కలబురగి వైపు దాన్ని అప్పడంలా ఎండబెట్టి కడక్ రొట్టె చేస్తారు. పల్లీల పొడి, ఉల్లిగడ్డ తోడుంటే పొయ్యి పనే లేదు. పొయ్యి లేకపోవడం అడవికీ మంచిది. మాఘం దాటాక ఇక్కడి గడ్డికి ఒక్క నిప్పురవ్వ చాలు.

ఈ సామాన్ల విద్యలో మనకంటే ముందున్నవాళ్లు గొల్లకురుమలు. వాళ్ల సామాను మొత్తం ఒక గొంగడి, ఒక కర్ర, ఒక సద్దిమూట. దక్కనీ గొర్రెల నల్ల ఉన్నితో నేసి, చింతగింజల గంజి పట్టించిన గొంగడి ఎండకు గొడుగు, రాత్రికి పరుపు, చలికి దుప్పటి. ఒక మూల మడిచి నెత్తి మీద గూడులా వేసుకుంటే వానకు తొడుగు. పైపొర తడిసినా లోపల వెచ్చగానే ఉంటుంది. అన్నిటికంటే ముఖ్యం, అది చప్పుడు చేయదు. మన నైలాన్ జాకెట్ చేయి ఊపినప్పుడల్లా కరకరమంటుంది. ఆ చప్పుడు మనకు వినిపించదు గానీ కుందేలుకు వినిపిస్తుంది. నారింజ రంగు సంచుల తయారీదార్లు ఎవరైనా ఒక్క రోజు గొర్రెల మంద వెనుక నడిస్తే బాగుండు.

అనంతగిరి దాటి పడమర నడుస్తున్న ఒక పొద్దున మేకలు తోలుకొస్తున్న పెద్దాయన ఎదురయ్యాడు.

“ఏం బిడ్డా, గింత పొద్దుగాల ఎటు?”

“నెమళ్లు చూద్దామని తాతా.”

“గట్ల దబదబ నడుస్తుంటె నెమలేడ ఉంటది? గా కుంట గట్టు మీద కూసో. పొద్దెక్కకముందె నీళ్లకొస్తయి.”

కూర్చున్నాను. మొదటి పది నిమిషాలు ఏమీ లేదు. ఇరవై నిమిషాలకు, నేను రావడంతో నోరు మూసుకున్న పికిలి పిట్టలు మళ్లీ మొదలుపెట్టాయి. నేను అప్పటిదాకా అడవి నిశ్శబ్దంగా ఉందనుకున్నాను. నిజానికి దాని చప్పుడు నా వల్ల ఆగిపోయింది. అరగంట దాటాక ఆడ నెమలి ఒకటి పొదల్లోంచి మెడ చాచి, వెనక్కి వెళ్లి, మళ్లీ వచ్చి, చివరికి నాలుగు పిల్లలతో నీటికి దిగింది. ఒక పిల్ల తన నీడ నీళ్లలో కదలడం చూసి వెనక్కి ఎగిరి తల్లి కాళ్ల మధ్య దూరింది. కుంట అంచున లకుముకి పిట్ట ఆ గొడవేమీ పట్టనట్టు ఒకటే చోట చూస్తూ కూర్చుంది. గంటసేపట్లో నేను నడిచిన దూరం సున్నా. అంతకుముందు మూడుసార్లు వచ్చి ముప్పై కిలోమీటర్లు తిరిగి చూసిన దానికంటే ఆ గంటలో చూసింది ఎక్కువ.

కూర్చోవడానికీ పద్ధతుంది. గాలి మన మొహానికి తగలాలి, వీపుకు కాదు. వీపుకు తగిలితే మన వాసన మన కంటే ముందే నీళ్ల దగ్గరికి చేరుతుంది. పొద్దున సూర్యుడు వెనక ఉండాలి. చెట్టు వెనక దాక్కోనక్కర్లేదు, చెట్టుకు ఆనుకుంటే చాలు. మనిషి ఆకారం మానులో కలిసిపోతుంది. చేతులు కదపకుండా కళ్లు కదపాలి. ఇది చెప్పినంత సులువు కాదు. జేబులో ఫోను ఉన్నవాడికి మరీ కష్టం.

చూపుకు అందని జంతువుల సంగతి నేల చెబుతుంది. ఈ అడవిలో దుప్పులు, అడవిపందులు, నక్కలు, కుందేళ్లు, ముళ్లపందులు ఉన్నా చాలావరకు రాత్రి తిరిగేవే. కుందేలు పెంటికలు గుండ్రంగా, గడ్డిపీచు కనిపిస్తూ ఉంటాయి. దుప్పివి ఒక కొన మొనదేలి ఉంటాయి. నక్క తన పెంటను బాట మధ్యలో, వీలైతే రాయి మీద, అందరికీ కనిపించేలా వదులుతుంది. అది దాని సంతకం. శీతాకాలంలో దాన్ని పుల్లతో కదిపితే రేగు గింజలు కనిపిస్తాయి. అడవిపంది తవ్విన నేల నాగలి సరిగా పట్టడం రానివాడు దున్నినట్టుంటుంది. ఉడుము నడిచిన చోట రెండు వైపులా గోళ్ల గుర్తులు, మధ్యలో తోక గీత. ఒక అడుగు ఎప్పటిదో తెలియాలంటే మంచు చూడాలి. అడుగు గుర్తు లోపల మంచుబొట్లు పడ్డ సన్నని గుంటలుంటే ఆ జంతువు రాత్రి ముందే వెళ్లిపోయినట్టు. అంచులు పదునుగా, లోపల నున్నగా ఉంటే అది తెల్లవారాక వచ్చింది. అప్పుడు నడక ఆపి చుట్టూ చూడాలి.

చెవి పని ఇంకా ఎక్కువ. తీతువు అరుపు అన్నిటికంటే ముందు మన మీద చాడీ చెబుతుంది. నెమలి మామూలు కూత వేరు, బెదిరిన కూత వేరు. ఉడుతలు ఒకే శ్రుతిలో ఆగకుండా కిచకిచమంటుంటే కింద పామో పైన డేగో ఉన్నట్టు. వర్షాల ముందు, మళ్లీ వర్షాలు వెళ్లాక, తెల్లవారుజామునా సాయంత్రమూ లోయల్లోంచి రెండు స్వరాల ఈల వినిపిస్తే అది పొన్నంగి పిట్ట. తమిళులు దీన్ని ఆరుగంటల పిట్ట అంటారు. ఉత్తరాదిన, మధ్య భారతంలో గూడు కట్టి, చలికాలానికి దక్షిణాదికి, సింహళానికి పోయే బాటసారి. ఆకుపచ్చ వీపు, గోధుమ రంగు రొమ్ము, తోక కింద కుంకుమ పూసినట్టు ఎరుపు. ఇన్ని రంగులుండీ ఎండుటాకుల్లో పురుగులు ఏరుకుంటూ ఉంటే కనిపించదు. ఈ జాతికి శాస్త్రవేత్తలు ప్రపంచమంతటా వాడే పేరు ‘పిట్టా’. అది మన పిట్టే. నెల్లూరులో సర్జన్‌గా పనిచేసిన జెర్డాన్ దొర 1860లలో వెలువరించిన భారతదేశ పక్షుల పుస్తకంలో ఇలాంటి తెలుగు పేర్లు ఎన్నో ఎక్కించాడు. తోక పిగిలిపిట్ట, పిల్లిగద్ద లాంటి పేర్లు మన నోళ్లలో అరిగిపోయినా ఆ పుటల్లో మిగిలాయి. హైదరాబాద్ పక్షిప్రేమికుల సంఘం, ఇప్పటి దక్కన్ బర్డర్స్, తన పత్రికకు ‘పిట్టా’ అని పేరు పెట్టుకుంది. అంతకంటే మంచి పేరు దొరకదు కూడా.

అనంత పద్మనాభస్వామి గుడి కథ ప్రకారం ఈ గుట్టకు వచ్చిన మొదటి అతిథి ముచుకుందుడు. నిద్ర కోసం వచ్చాడు. లేపితే, లేపినవాడు భస్మం. ఆయన పేరే మూసీకి ముచుకుందా నది అని. నిజాం కాలంలో క్షయరోగులకు ఇక్కడ ఆసుపత్రి కట్టిందీ ఈ గాలి కోసం, ఈ నెమ్మది కోసమే. ఇప్పుడు శనివారం రాత్రి లోయల అంచున రిసార్టుల డీజే మోతలు వింటుంటే ముచుకుందుడు నిద్ర లేస్తే బాగుండునని అప్పుడప్పుడు అనిపిస్తుంది.

నీళ్ల సంగతి చెప్పాలి. పైన మొరంపొర స్పంజిలా వాన పీల్చుకుంటుంది. కింద గట్టిపొర దాన్ని ఇంకనివ్వదు. రెండూ కలిసే అంచున నీరు పక్కకు ఊరి బయటపడుతుంది. అదే బుగ్గ. ఇక్కడి బుగ్గ రామేశ్వరం గుడి పేరు అలా వచ్చిందే. బుగ్గ లేని చోట ఎండిన వాగు ఇసుకలో చెలిమె తవ్వుతారు. వంపు లోపలివైపు, పచ్చగడ్డి మిగిలిన చోట, మోచేయి లోతు తవ్వి, మొదట ఊరిన బురదనీళ్లు రెండుసార్లు చిప్పతో తోడి పారబోసి, మూడోసారి ఊరినవి తేటపడేదాకా ఆగాలి. మరిగించో, వడకట్టో తాగడం ఈ కాలానికి క్షేమం. తాగాక చెలిమెను పూడ్చకూడదు. మన తర్వాత రాత్రి దాహంతో వచ్చేవాళ్లుంటారు.

పూడూరు వైపు దామగుండం అడవి ఇదే మొరం మీద ఇదే పద్ధతిలో పెరిగింది. నౌకాదళం అతి తక్కువ పౌనఃపున్యపు (వీఎల్‌ఎఫ్) రేడియో కేంద్రానికి అక్కడ 2,900 ఎకరాలు కేటాయించి, 2024 అక్టోబర్ 15న శంకుస్థాపన చేశారు. జలాంతర్గాములతో మాట్లాడడానికి తిరునెల్వేలి తర్వాత ఇది దేశంలో రెండో కేంద్రం. దేశ రక్షణకు అది కావాలనేవాళ్ల మాట కొట్టిపారేయలేను. బదులుగా వేరేచోట మొక్కలు నాటుతామన్న మాట మాత్రం నాకు ఎక్కదు. స్పంజిని తీసి పక్క జిల్లాలో పెడితే బుగ్గ ఇక్కడ ఊరదు. రిజర్వు ఫారెస్టులో ఎక్కడ నడవొచ్చో, ఎక్కడ వీల్లేదో బయల్దేరే ముందే రేంజ్ ఆఫీసులో అడగాలి. అనుమతి లేకుండా రాత్రి అడవిలో పడుకోవడం తప్పు.

మళ్లీ తాండూరు బాట పడితే, కోట్‌పల్లి ప్రాజెక్టు దగ్గర అడవి పలచబడుతుంది. కాయకింగ్ పడవల సందడి ఒక ఒడ్డునే ఉంటుంది. అవతలి ఒడ్డున నీటికాకులు రెక్కలు ఆరబెట్టుకుంటాయి. అక్కడి నుంచి తాండూరు దాకా కంది చేలు. 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చిన తాండూరు కంది ఇదే. చలికాలంలో ఆ చేల మీద మధ్య ఆసియా నుంచి వచ్చిన పిల్లిగద్దలు నడుం ఎత్తున తేలుతూ పోతాయి. రెక్క ఆడించకుండా, చేను గట్టు వచ్చినప్పుడు కొంచెం పైకి లేచి, మళ్లీ దిగి. వాటి వెంట నడవలేం, గట్టు మీద కూర్చుని చూడాల్సిందే.

తాండూరు దగ్గర పడుతుంటే నాపరాయి గనుల తెల్లదుమ్ము మొదలవుతుంది. రైలుకు ఇంకా గంటన్నర ఉందని పోయినసారి కాగ్నాలోకి దిగాను. వాగు ఎండిపోయి, ఇసుక తోడిన గుంటలు మిగిలి ఉన్నాయి. ఒక వంపులో మాత్రం ఎవరో పొద్దున తవ్విన చెలిమె, పక్కన కొబ్బరిచిప్ప. చెలిమె అంచున తడి ఇసుక మీద మేక గిట్టలు, వాటి మీద మనిషి పాదం, ఆ పాదం బొటనవేలి గుర్తు మీద నక్క అడుగు. అంచులు ఇంకా పదునుగానే ఉన్నాయి. సంచి దించి గాలి ఎటుందో చూసుకుని గట్టుకు ఆనుకుని కూర్చున్నాను. ఆ రైలు తప్పిపోయింది.