మేము యాడ అందుకోవల్ల?

పోయిన సంక్రాంతికి మా అపార్ట్‌మెంట్ సంఘం వాళ్ళు నా నెత్తిన ఒక పని పెట్టారు. ముగ్గులు, గాలిపటాలు, పొంగలి ఎవరెవరు చూసుకోవాలో పంచుకోవడం అయిపోయాక మిగిలింది పాట. "పేపర్లో రాస్తారుగా, ఒక పల్లె పాట రాసివ్వండి" అన్నారు. రాశాను. పచ్చని చేలు పెట్టాను, పిల్లకాలువ పెట్టాను, అమ్మ చేతి గోరుముద్ద పెట్టాను. ఊరు వదిలొచ్చినవాడి బాధకు ఏకంగా రెండు చరణాలిచ్చాను. రిహార్సల్లో ఇద్దరు సాఫ్ట్‌వేర్ మిత్రులు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు కూడా.

మా గేటు పక్కన పూలమ్మే అక్క ఉంది. ముత్తనల్లూరు వైపు నుంచి వస్తుంది. ఆవిడా చివరిదాకా వింది. చేతిలో మూర కొలవడం ఆపకుండానే, "పాట బాగుండాది సారూ. మేము యాడ అందుకోవల్ల?" అంది.

నా దగ్గర జవాబు లేదు.

మేముండేది బెంగళూరు పక్కన సర్జాపురలో. ఇక్కడి తెలుగంటే ఐటీ కంపెనీల వెంట వచ్చిన తెలుగే అనుకుంటాం మనం. కానీ ఈ ప్రాంతం మొరసునాడు. హోసూరు, ఆనేకల్లు, కోలారు చుట్టుపక్కల ఊళ్ళలో తరతరాలుగా తెలుగు ఇంటి భాషగా ఉన్న కుటుంబాలు ఎన్నో. బెంగళూరు కట్టించిన కెంపేగౌడ పేరు మీద 'గంగాగౌరీ విలాసం' అనే తెలుగు యక్షగానం ఉంది. అంటే నేను వచ్చి వాళ్ళకు తెలుగు పాట వినిపించడం, కొబ్బరితోటలో కూర్చుని కోనసీమ వాళ్ళకు కొబ్బరినీళ్ళ గొప్ప చెప్పడం లాంటిది.

ఆ రోజు నుంచి ఆ ప్రశ్ననే పట్టుకుని తిరుగుతున్నాను. పల్లె పాటకు బలం ఎక్కణ్ణుంచి వస్తుంది?

బతుకమ్మ పాటనే చూడండి. ఒకామె పాదం అంటుంది, చుట్టూ తిరిగేవాళ్ళంతా 'ఉయ్యాలో' అంటారు. నిఘంటువు తీసి ఆ మాటకు అక్కడ అర్థం వెతికితే ఏమీ దొరకదు. అది చేసే పని మాత్రం చాలా ఉంది. పాట రాని కొత్తకోడలు కూడా మొదటి పాదం అయ్యేసరికి గుంపులో కలిసిపోతుంది. చప్పట్లు తప్పకుండా నిలుస్తాయి. అన్నిటికన్నా ముఖ్యం, ఆ మూడు అక్షరాల వ్యవధిలో ముందు పాడేవామె తర్వాతి పాదం గుర్తు చేసుకుంటుంది. గుర్తు రాకపోతే అప్పటికప్పుడు ఒకటి కల్పిస్తుంది. పాటలోకి పక్కింటి వదిన వచ్చేదీ, ఈ ఏడు పడని వాన వచ్చేదీ ఆ సందులోంచే. దంపుళ్ళ పాటలో 'సువ్వి' చేసే పనీ, పడవ లాగేవాళ్ళ 'హైలెస్సా' చేసే పనీ ఇదే. నేను రాసిన పాటలో అలాంటి సందు ఒక్కటి లేదు. అంతా నేనే నింపేశాను.

1950లలో బిరుదురాజు రామరాజు గారి వంటివాళ్ళు ఊళ్ళు తిరిగి జానపద గేయాలు సేకరించి, వాటి మీద పెద్ద పరిశోధనలు చేయకపోతే మనకు ఈపాటికి చాలా పాటలు మిగిలేవి కావు. ఆ రుణం తీరేది కాదు. కానీ అచ్చు పుస్తకంలో నాకొక పేచీ ఉంది. ప్రతి పాదానికీ వంత వేస్తే కాగితం దండగని చాలాచోట్ల మొదటి రెండు పాదాలకు వేసి, తక్కిన వాటికి వదిలేస్తారు. పుస్తకం చదివి పాట నేర్చుకున్న నాలాంటివాడికి కనిపించేది పాదాలే. వంతను పీచు తీసినట్టు తీసి పారేసి, మిగిలిందే పాట అనుకుంటాం.

అమెరికాలోనూ పల్లె పాటకు పెద్ద సంప్రదాయం ఉంది. హార్లన్ హోవర్డ్ అనే నాష్‌విల్ గీత రచయిత, దానికి కావలసింది గిటారు మీద మూడు పట్లూ, నిజమూ అన్నాడని చెప్తారు. మాట బాగుంది. అక్కడ ఒంటరి మనిషి గిటారు పట్టుకుని తన గుండెకోత చెప్పుకుంటాడు, మనం వింటాం. హ్యాంక్ విలియమ్స్ అలా పాడి పాడి 29 ఏళ్ళకే, 1953 జనవరి 1న పోయాడు. మన దగ్గర ఆ మూడు పట్లు కూడా అక్కర్లేదు. డప్పో, చప్పట్లో చాలు. కానీ ఎదుట మనిషి ఉండాలి. బావా అనో, వదినా అనో, ఓ పిల్లోడా అనో ఎవర్నో ఒకర్ని పిలవకుండా మన పాట నోరు విప్పదు. వంగపండు ప్రసాదరావు ఆ కిటుకు బాగా తెలిసినవాడు. సరసమాడే బావామరదళ్ళ గొంతుతో పిలిచి ఉద్యమంలోకి తీసుకుపోయేవాడు. గద్దర్ అయితే గొంగడి భుజాన వేసుకుని, చరణానికీ చరణానికీ మధ్య ఆగి జనంతో మాట్లాడేవాడు. ఆ మాటలు కూడా పాటే.

నిజం సంగతికి వస్తే, గోరటి వెంకన్న 'పల్లె కన్నీరు పెడుతుందో' 2002లో 'కుబుసం' సినిమాలోకి వచ్చింది. అందులో బాధ అన్న మాట కోసం ఆయన పెద్దగా వెతుక్కోలేదు. కుమ్మరి వాము దగ్గరికి పోయాడు, కమ్మరి కొలిమి దగ్గరికి పోయాడు, సాలెల మగ్గం దగ్గరికి పోయాడు. ఒక్కోటీ ఏ స్థితిలో ఉందో చూపించి ముందుకు నడిచాడు. ఏడుపు మన వంతుకు వదిలాడు. సర్జాపుర కూడా ఒకప్పుడు నేతకు పేరుపడ్డ ఊరే. నా పాటలో మగ్గం లేదు. పచ్చని చేలున్నాయి. ఎవరి చేలు? ఏ పైరు? రాగులా, వరా? నాకే తెలియదు.

మా ఎదురుగా ఇంకో టవర్ లేస్తోంది. కర్నూలు వైపు నుంచి, రాయచూరు వైపు నుంచి వచ్చినవాళ్ళు అక్కడ రేకుల షెడ్లలో ఉంటారు. పదిహేనేళ్ళ కిందట వేరే చోట స్లాబ్ వేస్తుంటే చూశాను. నిచ్చెన మీద వరసగా నిలబడి కంకర తట్టలు చేతులు మార్చుకుంటూ, చెయ్యి మారినప్పుడల్లా ఒక కేక. ఆ కేకకు ఎవరో మాట తగిలించేవారు, పాటయ్యేది. ఇప్పుడు రెడీమిక్స్ లారీ వస్తుంది, పంపు గొట్టం ఎత్తుతుంది. పంపుకు అలుపు లేదు కాబట్టి వంతతో పని లేదు. ఆడవాళ్ళు సాయంత్రం షెడ్డు ముందు కూర్చుని ఫోన్లో పాటలు వింటారు. ఆ పాటల్లో వంత కూడా ముందే రికార్డయి ఉంటుంది! మా బతుకమ్మా అంతే. డీజే పెట్టాక నోళ్ళు మూతపడ్డాయి, చేతులే ఆడుతున్నాయి. తట్టలు మళ్ళీ మోయించాలని అనను. ఆ బరువు నేనెత్తలేదు.

ఈసారి పండక్కి పాట మళ్ళీ రాశాను. పిల్లకాలువ తీసేశాను, గోరుముద్ద తీసేశాను. ట్యాంకర్ నీళ్ళు పెట్టాను, గేటు దగ్గర స్విగ్గీ కుర్రాణ్ణి పెట్టాను. ప్రతి పాదం చివరా 'గొబ్బిళ్ళో' వదిలాను. అక్కకు వినిపిస్తుంటే రెండో పాదానికే అందుకుంది. నాలుగో పాదం దగ్గర నేను తడబడితే, పూల ధర మీద తన పాదం ఒకటి వేసి నడిపించేసింది. అది నా పాదాలన్నిటికన్నా బాగుంది, అలాగే ఉంచాను.

అయ్యాక ఎలా ఉందని అడిగాను. "ఇప్పుడు పాడొచ్చు సారూ," అంది. "శానా పొడుగుండాది."