ఖత్ డిజైన్ కాదా?

గ్రాఫిక్ డిజైన్ చదివే పిల్లలకు ఫిలిప్ మెగ్స్ రాసిన చరిత్ర పెద్దబాలశిక్ష లాంటిది. 1983లో వచ్చింది. అందులో మన ఊసే లేదనలేం. రాతప్రతుల అధ్యాయంలో ఇస్లామిక్ ప్రతులకు కాస్త చోటిచ్చాడు. ఆ తర్వాత యూరప్‌కు అచ్చు వచ్చిన కథ మొదలవుతుంది. ఇక అక్కణ్ణుంచి వర్తమానం వాళ్లది, గతం మనది. బౌహౌస్ వస్తుంది, స్విస్ గ్రిడ్ వస్తుంది. కాతిబ్ మాత్రం మళ్లీ కనిపించడు.

కానీ కాతిబ్ ఎక్కడికీ పోలేదు. కంప్యూటర్ వచ్చేదాకా ఉర్దూ పత్రికల్ని అతని చేతిరాతలోనే చదువుకున్నాం. ఎందుకంటే నస్తాలీఖ్ సీసపు అచ్చులకు లొంగలేదు. పక్క అక్షరాన్ని బట్టి అక్షరం రూపు మారుతుంది. పదం కుడివైపు పైనుంచి ఎడమవైపు కిందికి జారుతుంది. ఖలం మొనతో పెట్టిన నుఖ్తాయే కొలత. అలిఫ్ ఎంత పొడుగో, బే ఎంత వెడల్పో నుఖ్తాల్లోనే లెక్క. ఇది గ్రిడ్ కాకపోతే మరేమిటి? 1981లో వచ్చిన నూరీ నస్తాలీఖ్ కోసం మీర్జా అహ్మద్ జమీల్ దాదాపు 20 వేల అక్షర కలయికలు రాయాల్సి వచ్చింది. ఇది టైపోగ్రఫీ కాదా?

1958లో ఈమ్స్ దంపతులు మన ప్రభుత్వానికి ఇచ్చిన నివేదికలో లోటాను మెచ్చుకున్నారు. ఆ నివేదిక వెనకే 1961లో అహ్మదాబాద్‌లో జాతీయ డిజైన్ సంస్థ వచ్చింది. లోటాలో డిజైన్ చూసిన చదువుకు ఖలంలో ఎందుకు కనపడదు? లోటా డిజైన్, ఖత్ 'హస్తకళ' ఎట్లయింది?

ఖత్ గురించి చెప్పని క్లాసులో ముస్లిం అంటే మిగిలేది ఆకుపచ్చ రంగు, నెలవంక, గుమ్మటం. తెలుగు అక్షరాలకు అరబ్బీ వేషం కట్టి బిర్యానీ హోటల్ బోర్డు రాస్తారు. అదే వేషం బాంబు పేలుళ్ల వార్తకూ కడతారు. బోర్డు గీసినవాడికి ద్వేషం లేకపోవచ్చు. వాడు నేర్చుకున్నది అంతే.

మనవాళ్లేమీ తక్కువ తినలేదు. ఖత్ అంటే గోడకు వేలాడే ఆయత్ ఫ్రేమేనని సరిపెట్టుకున్నారు. షాదీ రుఖాలు రాసి పిల్లల్ని సాకిన కాతిబ్‌ను ఉస్తాద్ అన్నారే గాని యూనివర్సిటీలో అతనికో కుర్చీ అడగలేదు. ఉర్దూ జాతీయ మండలి ఖత్తాతీనీ గ్రాఫిక్ డిజైన్‌నీ ఒకే కోర్సుగా పెట్టింది. మంచి ఆలోచనే. అయితే ఆ డిప్లొమా వేరు, యూనివర్సిటీ డిగ్రీ వేరు.

మాసబ్‌ట్యాంక్‌లో 2008 నుంచి ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ ఉంది. మూసీ దాటితే ఛత్తాబజార్. అక్కడ నాన్న పక్కన కూర్చుని నుఖ్తా కొలత నేర్చిన పిల్ల, ఇక్కడ క్లాసులో ఏమీ రానిదానిలా ఎందుకు కూర్చోవాలి?

మేం అడిగేది ప్రత్యేక గది కాదు. అందరూ కూర్చునే టైపోగ్రఫీ క్లాసులోనే నస్తాలీఖ్ చెప్పండి. తెలుగు పిల్లలకూ అక్కరకొస్తుంది. మన వత్తులూ గుణింతాలూ లాటిన్ అక్షరాల కోసం చేసిన పెట్టెల్లో ఇరుక్కుని ఎన్ని అవస్థలు పడ్డాయో తెలుగు టైపు కొట్టినవాళ్లకు తెలుసు. ఆ ఇరుకు మన రెండు లిపులదీ.