ఆసు మిషను, అయిదో సెమిస్టరు

హన్మకొండలో ఈ సీజన్లో ఏ కూడలి చూసినా ఇంజినీరింగ్ కాలేజీల ఫ్లెక్సీలే. వాటిలో ఒకటి ఈ వారం ఈ శీర్షిక రాసే పెద్దమనిషి కంట్లో పడి నలిగింది. మెకానికల్ పక్కన మెకట్రానిక్స్, దాని పక్కన రోబోటిక్స్, ఆపైన ఏఐ. మధ్యలో రంగురంగుల రోబో చెయ్యి. ఆకురాయి బొమ్మ మాత్రం ఎక్కడా లేదు.

ఆకురాయి మీద ఈయనకున్న మమకారం పాత పాఠకులకు కొత్త కాదు. మొదటి సంవత్సరం వర్క్‌షాపులో ఇనప ముక్కని ట్రై స్క్వేరు కింద వెలుతురు కనపడనంతవరకు రుద్దనివాడికి మెకానికల్ పట్టా ఇవ్వకూడదన్నది ఈ కాలమ్‌లో వచ్చీ వచ్చీ అరిగిపోయిన వాదన. ఆ సాయంత్రమే మేనల్లుడు ఫోన్ చేశాడు. వెబ్ ఆప్షన్ల గడువు దగ్గర పడింది. "మామా, ఉత్త మెకానికల్ అయితే జాబులు లేవంటున్నరు. మెకట్రానిక్స్ ఉన్నది పెట్టాల్నా, వద్దా?"

వద్దనడానికి కారణాలు చేతిలోనే ఉన్నాయి. ఏఐసీటీఈ 2018 నమూనా పాఠ్యప్రణాళికలో బీటెక్‌కి 160 క్రెడిట్లు. మైనర్ గానీ ఆనర్స్ గానీ కావాలంటే పైన మరో 18 నుంచి 20. గండిపేటలోని ఎంజీఐటీలో అయితే మెకానికల్‌లోనే మెకట్రానిక్స్ పేరుతో ఒక బ్రాంచే నడిచింది. ఏ దారిన వెళ్ళినా సెన్సర్లు, మోటార్లు, పీఎల్‌సీ, మైక్రోకంట్రోలర్, కంట్రోల్ సిస్టమ్స్ చదవాలి. ఉన్నవి నాలుగేళ్ళే. కొత్తది ఒకటి లోపలికొస్తే పాతది ఒకటి బయటికి పోతుంది, పోయేది తరచూ వర్క్‌షాపు గంటలే.

పైగా చెడిపోయినప్పుడు ఇనుమే ముందు మాట్లాడుతుంది. సాధారణ స్టెప్పర్ మోటారు ఒక చుట్టుకి 200 అడుగులు వేస్తుంది. చుట్టుకి 5 మిల్లీమీటర్లు నడిపే స్క్రూకి దాన్ని బిగిస్తే కాగితం మీద ఒక్కో అడుగు 25 మైక్రాన్లు. కానీ మోటారు దిశ మార్చగానే అరిగిన నట్టులో ఉన్న ప్లే తీరేదాకా టేబుల్ కదలనే కదలదు. ప్రోగ్రాం మాత్రమే తెలిసినవాడు ఆ తప్పుని కోడ్‌లో వెతుక్కుంటూ రాత్రంతా కూర్చుంటాడు. నట్టుని చేత్తో ఊపి చూసినవాడికి అయిదు నిమిషాల పని.

మేనల్లుడికి ఈ జవాబే వెళ్ళాల్సింది. ఈలోగా పనిమీద కాజీపేటలో సికింద్రాబాద్ బండెక్కాల్సి వచ్చింది. ఆ దారిలో జనగామ దాటాక ఆలేరు వస్తుంది. ఆలేరు పేరు వింటే ఆసు మిషను కట్టిన చింతకింది మల్లేశం గుర్తుకు రాకుండా ఉండడు.

ఆలేరు పక్కన శారాజీపేట ఆయన ఊరు. 2019లో వచ్చిన 'మల్లేశం' సినిమా చూసినవాళ్ళకి కథ తెలుసు. పోచంపల్లి చీర నేయడానికి ముందు నూలుకి రంగుల ముడులు వేయాలి. ముడులకి ముందు ఆసు పోయాలి. అర్ధచంద్రాకారంలో ఉన్న మేకుల చుట్టూ దారాన్ని తిప్పుతూ చెయ్యి అటూ ఇటూ ఆడుతూనే ఉండాలి. ఒక్క చీరకి దాదాపు 9 వేల సార్లు, రోజుకి రెండు చీరలైతే 18 వేలు. ఇంట్లో ఈ పని ఆడవాళ్ళదే. తల్లి లక్ష్మి భుజం నొప్పి చూడలేక, ఆరో తరగతితో చదువు ఆగిన కొడుకు 1992లో మిషను కట్టడం మొదలుపెట్టాడు. చెక్క చట్రం, మోటారు, పుల్లీలు. దారం తెగేది, లెక్క తప్పేది, ఊళ్ళోవాళ్ళు నవ్వేవాళ్ళు. ఊళ్ళో గడవక హైదరాబాద్‌లో వైరింగ్ పనులు చేసుకుంటూ, వచ్చిన కూలిలో కొంత ఆ మిషనుకే పెట్టాడు.

చివరికి ఒక్క కదలిక దగ్గర చిక్కుకుపోయాడు. 1999లో బాలానగర్‌లో పనికి వెళ్ళినప్పుడు అక్కడ తిరుగుతున్న వేరే యంత్రంలో సరిగ్గా ఆ కదలికే కనిపించింది. దాన్ని తన మిషనులోకి తెచ్చుకున్నాడు, మిషను నడిచింది. నాలుగైదు గంటల ఆసు గంటన్నరలో అయిపోయింది. తర్వాత చెక్క పోయి ఉక్కు వచ్చింది. 2005 ప్రాంతంలో మైక్రోకంట్రోలర్ల మీద పుస్తకం కొనుక్కుని చదివి, మిషనుకి చిప్పు పెట్టాడు. లక్ష్మీ ఆసు యంత్రానికి పేటెంటు, 2017లో ఆయనకి పద్మశ్రీ వచ్చాయి.

ఈ కథని ఆకురాయి పక్షానికి సాక్ష్యంగా తెచ్చుకోవడం సులువు. డిగ్రీ లేదు, ల్యాబు లేదు, చేతులే ఉన్నాయి, చూడండి అనొచ్చు. కానీ ఏళ్ళు ఎక్కడ కరిగిపోయాయో లెక్క వేస్తే సాక్ష్యం ఎదుటి పక్షానికి వెళ్ళిపోతుంది. తిరిగే మోటారు నుంచి కావలసిన కదలికని రాబట్టడం థియరీ ఆఫ్ మెషీన్స్‌లో క్లాసు పాఠం. చుట్లు లెక్కపెట్టి మోటారుని ఆపడం మైక్రోకంట్రోలర్ ల్యాబులో తొలి ప్రయోగాల్లో ఒకటి. చేతులకేమీ కొదవ లేని మనిషికి ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూపించేవాళ్ళు దొరకలేదు. జపాన్‌లో యాస్కావా కంపెనీ ఇంజినీరు టెట్సురో మోరి ఈ చదువుకి 1969లోనే మెకట్రానిక్స్ అని పేరు పెట్టాడు. శారాజీపేటకి ఆ చదువు అమ్మకానికున్న పుస్తకంగా చేరేసరికి మూడున్నర దశాబ్దాలు పట్టింది.

ఇవాళ వరంగల్ పిల్లలకి ఆ దూరం లేదు. 1959 అక్టోబరులో నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆర్‌ఈసీ, 2002లో ఎన్‌ఐటీ అయి, సీమెన్స్‌తో కలిసి ఆటోమేషన్, రోబోటిక్స్ ల్యాబులు పెట్టుకుంది. కరువల్లా లక్ష్మి భుజం లాంటి సమస్యకే. చివరి సంవత్సరం ప్రాజెక్టు పేరుతో గీత వెంట నడిచే బొమ్మకారు ఇంకో బ్యాచ్ కొనుక్కొస్తుంది. కొత్తవాడలో జంపఖానాలు నేసేవాళ్ళ మగ్గాలు, మిర్చి తొడిమలు తీసే ఆడవాళ్ళ మంటెక్కిన వేళ్ళు కాలేజీకి ఆటో దూరంలోనే ఉన్నాయి.

మేనల్లుడికి చివరికి వెళ్ళిన జవాబు ఇది: "పెట్టుకోరా. కానీ ముందుగాల కాలేజీకి పోయి ల్యాబు తలుపు తీయించి చూడు." ఆప్షన్లు పెట్టే మిగతా పిల్లలకీ, వాళ్ళ అమ్మానాన్నలకీ అదే విన్నపం. పీఎల్‌సీ కిట్లకి ప్లాస్టిక్ కవర్లు ఇంకా తీయలేదా? లేత్ మిషను నడుస్తోందా? సీనియర్లు కట్టిన మిషను కాలేజీ గేటు దాటి ఎవరి పనికైనా పోయిందా? ఈ మూడూ అడిగి తెలుసుకున్నాకే ఫీజు కట్టండి.